పాత లారీ గేర్‌బాక్స్.. కడగకముందే చూడాలి!

మీ ముందు బల్ల మీద ఓ పాత గేరు పెట్టారనుకోండి. ఒకచోట రెండు పళ్లు విరిగి ఉన్నాయి. మిగతా పళ్ల మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు. ‘దీనికేమైంది?’ అని అడిగారు. ఏం చెబుతారు?

బీటెక్ మెకానికల్ చివరి ఏడాదిలో ఓ కంపెనీ ఇంటర్వ్యూలో నాకెదురైన ప్రశ్న ఇది. ‘వేర్ అండ్ టేర్ సర్’ అన్నాను. ‘ఏ రకం వేర్? విరిగిన పళ్లు ముందు విరిగాయా, గుంటలు ముందు పడ్డాయా?’ అన్నారాయన. గేర్ ట్రైన్ లెక్కలు ఎన్నో చేసినవాణ్ని. లూయిస్ ఈక్వేషన్ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. కానీ చేతిలో ఉన్న గేరును మాత్రం చదవలేకపోయాను. ఆ ఉద్యోగం రాలేదు.

కోర్ ఉద్యోగాల కోసం చూస్తున్న చాలామంది పరిస్థితి ఇదే. డిజైన్ సాఫ్ట్‌వేర్ సర్టిఫికెట్లు రెండు మూడు ఉంటాయి. నిజమైన భాగాన్ని పట్టుకుని చూసిన అనుభవం ఉండదు. నాకు ఆ అనుభవం దొరికింది విజయవాడ ఆటోనగర్‌లో. అది కూడా ఓ పెద్ద పొరపాటు చేశాక!

నాలుగో గేరు నిలవదు

మా మావయ్యకు ఓ పాత టాటా లారీ ఉండేది. ముందుకు 5 గేర్లు, ఒక రివర్స్. నాలుగో గేరులో వెళ్తూ యాక్సిలరేటర్ వదిలితే గేరు దానంతటదే జారి న్యూట్రల్‌లోకి వచ్చేసేది. డ్రైవరు గేరు రాడ్డును మోకాలితో నొక్కిపట్టి నడిపేవాడు. చదును రోడ్డు మీద ఇది చిరాకే తప్ప పెద్ద ప్రమాదం కాదు. కానీ ఘాట్ రోడ్డులో లోడుతో దిగేటప్పుడు గేరు జారిందంటే ఇంజిన్ పట్టు పోతుంది. భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అప్పటికే వేరే షెడ్డులో రెండుసార్లు నాలుగో గేరు, దాని స్లీవు మార్పించారు. మార్చిన కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మొదలు. లారీ ఆగితే కిరాయి లేదు, ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగదు. మూడోసారి ఆటోనగర్‌లో తనకు తెలిసిన మేస్త్రి దగ్గరకు తీసుకెళ్తూ, ‘ఒరేయ్ అల్లుడూ, ఇంజినీరింగ్ చదివావుగా.. నువ్వు కూడా రా’ అన్నాడు మావయ్య. ఖాళీగానే ఉన్నాను. ఎలాగూ బ్లాగులో రాయడానికి పనికొస్తుందని ఫోన్ ఫుల్ చార్జింగ్ పెట్టుకుని వెళ్లాను.

పానా పట్టకముందే సగం పని

మేస్త్రి మొదట లారీ ఎక్కి నడిపారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ‘మోత ఎప్పుడొస్తోందో విను’ అన్నారు. ఒకటి నుంచి నాలుగు గేర్లలో సన్నటి గరగర. ఐదో గేరు వేయగానే దాదాపు ఆగిపోయింది.

ఇక్కడ కాస్త ఆగి గేర్‌బాక్స్ లోపల ఏముంటుందో గుర్తుచేసుకోండి. క్లచ్ నుంచి వచ్చేది ఇన్‌పుట్ షాఫ్ట్. వెనక చక్రాల వైపు వెళ్లేది మెయిన్ షాఫ్ట్. రెండూ ఒకే వరసలో ఉంటాయి. కింద సమాంతరంగా కౌంటర్ షాఫ్ట్. మామూలు గేర్లలో శక్తి ఇన్‌పుట్ నుంచి కౌంటర్‌కు దిగి, అక్కణ్నుంచి మళ్లీ మెయిన్ షాఫ్ట్‌కు ఎక్కుతుంది. మావయ్య లారీలాంటి వాటిలో టాప్ గేరు ‘డైరెక్ట్’. ఇన్‌పుట్, మెయిన్ షాఫ్ట్‌లు రెండూ ఒకటిగా కలిసిపోతాయి. కౌంటర్ షాఫ్ట్ తిరుగుతున్నా దాని మీద బరువు ఉండదు.

అంటే టాప్‌లో మోత ఆగిందంటే తప్పు కౌంటర్ షాఫ్ట్ బేరింగులదే! నేను వెంటనే అదే చెప్పాను. మేస్త్రి ‘అయ్యుండొచ్చు’ అని ఊరుకున్నారు. ఇంకో అనుమానం కూడా ఉందని నాకు తట్టలేదు. దాని గురించి తర్వాత చెబుతాను.

ఈ వినికిడి పరీక్ష మీరూ చేయొచ్చు. బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో ఇంజిన్ నడుస్తుండగా మోత వచ్చి, క్లచ్ తొక్కగానే ఆగితే గేర్‌బాక్స్ లోపలి బేరింగులను అనుమానించాలి. క్లచ్ తొక్కినప్పుడే మోత మొదలైతే అది రిలీజ్ బేరింగ్ గొడవ. గేర్‌బాక్స్ దించనక్కర్లేకుండానే ఇంత తెలుస్తుంది.

బకెట్‌లో ఉన్న సమాచారం

గేర్‌బాక్స్ దించేముందు డ్రెయిన్ ప్లగ్ విప్పి ఆయిల్ పడతారు. చాలామంది ఆ బకెట్‌ను పక్కకు తోసేస్తారు. అలా చేయకండి. రక్త పరీక్ష రిపోర్టు లాంటిదది.

ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు ముద్ద పేరుకుని ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే మెత్తగా, కాటుకలా ఉంటే కంగారు లేదు, మామూలు అరుగుదలే. పెళుసు ముక్కలు, రేకుల్లాంటివి తగిలితే ఏదో పన్నో బేరింగో ఊడుతోందని అర్థం. ఆయిల్‌ను ఎండలో పెట్టి చూస్తే పసుపు మెరుపు కనిపిస్తే అది ఇత్తడి. అయస్కాంతానికి అంటదు. సింక్రో రింగులు అరిగితే వచ్చేది అదే. ఆయిల్ పాల టీ రంగులోకి మారితే నీళ్లు చేరాయి. ఇక ఘాటు వాసన వచ్చిందని ఆయిల్ మాడిపోయిందనుకోవద్దు. గేర్ ఆయిల్‌లో కలిపే గంధకపు రసాయనాల వల్ల కొత్త ఆయిల్ కూడా కాస్త కంపు కొడుతుంది.

ఆయిల్ గ్రేడు గురించి ఒక్క మాట. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని ఉంటుంది. అంకె పెద్దదైతే మంచిదనుకుని జీఎల్-5 పోసేస్తుంటారు. దానిలోని కొన్ని రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులను దెబ్బతీసే అవకాశం ఉంది. మాన్యువల్ ఏది చెబితే అదే పోయాలి.

నేను చేసిన ఘనకార్యం

గేర్‌బాక్స్ బరువు ఇద్దరు మనుషులు ఎత్తేది కాదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి, జాకీ ట్రాలీ మీద ఆనించి, చైన్ కట్టి దించారు. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన లారీ కిందకు మాత్రం ఎవరు చెప్పినా దూరకండి, స్టాండ్లు ఉండాల్సిందే.

మేస్త్రి భోజనానికి వెళ్లారు. ఆయన వచ్చేలోపు మంచిపేరు కొట్టేద్దామని నేను బ్రష్షు, డీజిల్ తీసుకుని గేర్‌బాక్స్ పైభాగమంతా తోమేశాను. ఏళ్ల తరబడి పట్టిన మట్టి, జిడ్డు.. గంటలో తళతళలాడింది. ఫొటో కూడా దిగాను!

ఆయన వచ్చి చూసి మెచ్చుకుంటారనుకుంటే, ‘బ్రీదర్ ఎలా ఉంది ఇంజినీరు బాబూ, తోమకముందు చూశావా?’ అన్నారు. బ్రీదర్ అంటే పైమూత మీద ఉండే చిన్న బిరడా లాంటిది. గేర్‌బాక్స్ వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచిస్తుంది. అది బయటకు పోయే దారి ఇదే. నేను దాన్ని చూడలేదు. తోమేశాను. ఏ సీలు దగ్గర ఆయిల్ తడి ఉంది, ఎటువైపు కారింది.. అన్నీ తుడిచిపెట్టేశాను. దొంగతనం జరిగిన ఇంటిని పోలీసులు రాకముందే కడిగినట్టయింది నా పని.

నా అదృష్టం.. బ్లాగు కోసమని దించకముందు అన్నివైపులా ఫొటోలు తీసి ఉంచాను. అవి చూపించాక ఆయన కాస్త శాంతించారు. అప్పటినుంచి నా నియమం ఒకటే. విప్పేముందు ఫొటో, విప్పాక ఫొటో, ఆ తర్వాతే డీజిల్.

మూత తీస్తే..

పైమూతలో సెలెక్టర్ రాడ్లు, ఫోర్కులు ఉంటాయి. గేరు రాడ్డు కదిలిస్తే ఫోర్కు వెళ్లి స్లీవును జరుపుతుంది. ప్రతి రాడ్డుకూ గాడి, ఆ గాడిలో స్ప్రింగు నొక్కిపట్టే ఓ ఉక్కు గుండు ఉంటాయి. గేరు పడినప్పుడు ‘టక్’మని చేతికి తగిలేది అదే. దీన్నే డిటెంట్ అంటారు. రాడ్డు లాగేటప్పుడు గుండు తుపాకీ గుళ్లలా ఎగురుతుంది, పైన గుడ్డ కప్పి లాగాలి. నేను కప్పకుండా లాగాను. ఆ గుండు కోసం షెడ్డంతా అరగంట వెతికాం.

రాడ్ల మధ్య చిన్న పిన్నులు కూడా ఉంటాయి. వాటి పేరు ఇంటర్‌లాక్. ఒక రాడ్డు కదిలితే మిగతావి కదలకుండా అడ్డుపడతాయి. బిగించేటప్పుడు ఇవి మర్చిపోతే రెండు గేర్లు ఒకేసారి పడి గేర్‌బాక్స్ మొత్తం బిగుసుకుపోతుంది. వేలెడంత కూడా లేని పిన్ను అన్ని పళ్లనూ కాపాడుతోందన్నమాట. థియరీ ఆఫ్ మెషిన్స్‌లో నేను చదివినవాటిలో ఇంత సింపుల్‌గా, ఇంత తెలివిగా ఉన్నది ఇంకోటి లేదనిపించింది.

గేరు జారుతోందంటే మొదట చూడాల్సినవి ఇవే. డిటెంట్ స్ప్రింగు నీరసపడిందా? ఫోర్కు వంగిందా, అరిగిందా? స్లీవు పూర్తిగా గేరు మీదకు వెళ్తోందా? మేస్త్రి ఒక్కొక్కటీ చూసి పక్కన పెట్టారు. అన్నీ బాగానే ఉన్నాయి. నాలుగో గేరు పక్కనుండే కుక్కపళ్లు, అంటే స్లీవు వచ్చి తగులుకునే చిన్న పళ్లు మాత్రం మొనలు అరిగి గుండ్రంగా అయిపోయాయి. ‘ఇదిగో దొరికింది’ అన్నాన్నేను. ‘ఇది రెండుసార్లు దొరికింది కదా’ అన్నారు మేస్త్రి. నిజమే. కిందటి షెడ్డులో మార్చింది ఇదే. అరిగిన గేరు ఫలితం మాత్రమే, కారణం కాదు.

పళ్లను చదవడం

షాఫ్టులు బయటకు తీశాక భాగాలన్నీ పాత పేపర్ల మీద వరసగా పేర్చారు. ఆ మధ్యాహ్నం నేను నేర్చుకున్నది నాలుగేళ్ల సిలబస్‌లో లేదు. ఉంది, కానీ అక్కడ బొమ్మ మాత్రమే ఉంది.

పంటి మధ్యభాగంలో, పిచ్ లైన్ దగ్గర చిన్న గుంటలుంటే పిట్టింగ్. లోడు పడి తీసి, పడి తీసి ఉపరితలం అలసిపోవడం వల్ల వస్తుంది. పెచ్చులుగా ఊడితే స్పాలింగ్, అదే జబ్బు ముదిరిన దశ. పంటి అడుగు నుంచి మొనవైపు గీతలు గీసినట్టుంటే స్కఫింగ్. ఆయిల్ పొర తెగిపోయి లోహం లోహాన్ని రాసుకుందని అర్థం. నీలం, గోధుమ రంగు తేలితే వేడికి కాలింది.

విరిగిన పంటిని చూసేటప్పుడు విరుగు ముఖం మీద లైటు ఏటవాలుగా వేసి చూడండి. బాపట్ల సూర్యలంక బీచ్‌లో అల వెనక్కి వెళ్లాక ఇసుకలో వంపు గీతలు మిగులుతాయి చూడండి.. అలాంటి గీతలుంటే ఫెటీగ్. పగులు చాలా రోజులుగా కొంచెం కొంచెం పాకింది. గీతల్లేకుండా అంతా గరుకుగా, పలుకులు పలుకులుగా ఉంటే ఒక్క దెబ్బకు విరిగింది. ఓవర్‌లోడో, క్లచ్ ఒక్కసారిగా వదలడమో. ఇంటర్వ్యూలో ఆయన నన్నడిగిన ప్రశ్నకు జవాబు ఆ ముఖం మీదే రాసి ఉంది. నేను అటు తిప్పి చూడనే లేదు.

ఇంకో సరదా పని, పళ్లు లెక్కపెట్టండి. జంట గేర్లలో చాలాసార్లు 20, 40 లాంటి గుండ్రటి అంకెలు కనిపించవు. ఉదాహరణకు 23, 41 అనుకోండి. వీటికి ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి ఒక పన్ను అవతలి గేరులో అదే పంటిని మళ్లీ కలవాలంటే చిన్న గేరు 41 చుట్లు తిరగాలి. అరుగుదల అన్ని పళ్లకూ సమానంగా పంచినట్టవుతుంది. అదే 20, 40 అయితే రెండు చుట్లకోసారి అదే జంట, అవే రెండు పళ్లు ఒకదాన్నొకటి తినేస్తుంటాయి. గసాగు, కసాగు ఎక్కడ పనికొస్తాయని స్కూల్లో అడిగాం కదా, ఇక్కడ పనికొచ్చాయి.

సింక్రో రింగును చేత్తో దాని కోన్ మీదకు నొక్కి, రింగుకూ గేరు కుక్కపళ్లకూ మధ్య ఖాళీని ఫీలర్ గేజ్‌తో చుట్టూరా కొలవాలి. మాన్యువల్ చెప్పిన దానికన్నా తగ్గితే రింగు పని అయిపోయినట్టే. రింగు లోపలి సన్నటి గాళ్లు ఆయిల్‌ను కోసి పక్కకు తోసి కోన్‌ను పట్టుకుంటాయి. అవి నున్నగా అరిగితే గేరు వేసేటప్పుడు కిర్రుమంటుంది.

బేరింగులు కడిగాక కంప్రెసర్ గాలితో గిర్రున తిప్పి ఈల వేయించడం షెడ్లలో కుర్రాళ్లకు ఆట. ఆ ఆట వద్దు. ఆయిల్ లేకుండా అంత వేగంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది, విడిపోయి ముఖాన తగలొచ్చు కూడా. అలాగే గట్టి ఉక్కు మీద ఉక్కు సుత్తితో కొట్టకండి, మధ్యలో ఇత్తడి ముక్క పెట్టండి.

అసలు దొంగ

ఇన్‌పుట్ షాఫ్ట్ వెనక భాగం గుల్లగా ఉంటుంది. మెయిన్ షాఫ్ట్ ముక్కు ఆ గుల్లలో కూర్చుంటుంది. రెంటి మధ్యా ఓ చిన్న రోలర్ బేరింగ్. పేరు పైలట్ బేరింగ్. మేస్త్రి దాన్ని చివరిదాకా ముట్టుకోలేదు. తీసి రోలర్లను పేపరు మీద పోశారు. సగం నీలం తేలి ఉన్నాయి, కొన్నింటికి పెచ్చులు లేచాయి.

నాకు తట్టని రెండో అనుమానం ఇదే. టాప్ గేరులో ఇన్‌పుట్, మెయిన్ షాఫ్ట్‌లు ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి మధ్యలోని ఈ బేరింగ్ తిరగదు, మోత రాదు. మిగతా గేర్లలో రెంటి వేగం వేరు. అప్పుడు తిరుగుతుంది, గరగరలాడుతుంది. ఈ బేరింగ్ వదులైతే మెయిన్ షాఫ్ట్ ముందు కొస ఊగుతుంది. ముందు కొసకు దగ్గరగా ఉండేది నాలుగు, ఐదు గేర్ల స్లీవు. షాఫ్ట్ ఊగినప్పుడల్లా స్లీవు కొంచెం కొంచెం వెనక్కి జరిగి, యాక్సిలరేటర్ వదిలినప్పుడు జారిపోతుంది. కొత్త గేరు వేసినా షాఫ్ట్ అలాగే ఊగుతుంటే ఆ గేరూ అరుగుతుంది.

సరే, బేరింగ్ ఎందుకు కాలింది? ఆయిల్ అందక. ఎందుకు అందలేదు? బకెట్‌లో పట్టిన ఆయిల్ కొలిస్తే పోయాల్సినదాంట్లో సగం కూడా లేదు. అదెటు పోయింది? బెల్ హౌసింగ్ లోపల తడి, క్లచ్ ప్లేటు మీద మరక ఉన్నాయి. ముందు సీలు నుంచి కారింది. సీలు ఎందుకు కారింది? నా ఫోన్‌లోని ఫొటో పెద్దది చేసి చూశాం. బ్రీదర్ నిండా సిమెంటులా గట్టిపడ్డ మట్టి. గాలి పోయే దారి మూసుకుపోయి, వేడికి లోపల ఒత్తిడి పెరిగి, ఆయిల్‌ను సీలు మీదుగా తోసేసింది. గుడ్డతో తుడిచి ఉంటే సరిపోయే చిన్న బిరడా కోసం మావయ్య రెండుసార్లు గేర్లు కొన్నాడు.

మూడోసారి ఖర్చూ తక్కువ కాలేదు. మెయిన్ షాఫ్ట్ ముక్కును మేస్త్రి గోరుతో గీసి చూశారు. గోరు ఆగింది, అంటే గాడి పడింది. షాఫ్ట్ మార్చక తప్పదు. మావయ్య ముఖం మాడిపోయింది. సెకండ్‌హ్యాండ్ షాఫ్ట్ కోసం నన్ను స్క్రాప్ షాపులకు పంపారు. మూడు షాపుల్లో గోరు ఆగింది. నాలుగో షాపులో ఆగలేదు. నా మాట మీద ఇంకొకరు డబ్బు పెట్టడం అదే మొదటిసారి. రాత్రి నిద్ర పట్టలేదు.

రెండు రోజుల తర్వాత లోడుతో ట్రయల్. నాలుగో గేరులో యాక్సిలరేటర్ వదిలితే, డ్రైవరు అలవాటు కొద్దీ మోకాలు ఎత్తాడు. రాడ్డు కదల్లేదు.

ఉద్యోగానికి ఎలా పనికొస్తుంది?

ఆ తర్వాత నేను ఓ విడిభాగాల కంపెనీ వారంటీ విభాగంలో చేరాను. ఇలాంటి విభాగాలు ఉంటాయని క్యాంపస్‌లో చాలామందికి తెలియదు. గ్యారంటీలో వెనక్కి వచ్చిన భాగాలను పరిశీలించి తప్పు తయారీలో ఉందా, వాడకంలో ఉందా తేల్చడం ఆ పని. ఆ ఇంటర్వ్యూలో నేను చెప్పింది ఈ లారీ కథే. లక్షణం ఏమిటి, ఆధారం ఎక్కడ దొరికింది, కారణం ఏది, అదే కారణమని ఎలా నిర్ధారించుకున్నాం.. ఈ వరసలో చెప్పాను. కడిగేసిన సంగతి కూడా దాచలేదు. ఎక్కువ ప్రశ్నలు దాని మీదే వచ్చాయి.

‘ఎలక్ట్రిక్ బండ్లు వస్తున్నాయి కదా, గేర్‌బాక్స్ ఎందుకు?’ అని జూనియర్లు అడుగుతుంటారు. ఎలక్ట్రిక్ వాహనాల్లోనూ మోటారు వేగం తగ్గించే రిడక్షన్ గేర్లు, బేరింగులు, సీళ్లు ఉంటాయి. ఏఎంటీ అని వస్తున్నవి చాలావరకు ఈ మాన్యువల్ గేర్‌బాక్సులే, క్లచ్ తొక్కి గేరు మార్చే పనిని యంత్రం చేస్తుందంతే. పిట్టింగ్ ఎక్కడైనా పిట్టింగే.

అవకాశం ఎక్కడ అంటారా? డిగ్రీ, డిప్లొమా చేసినవారికి నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్ కింద ఏడాది శిక్షణ, స్టైపెండ్ ఉంటాయి. పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. విజయవాడ విద్యాధరపురం, హైదరాబాద్ ఉప్పల్‌లలో ఉన్న ఆర్టీసీ జోనల్ వర్క్‌షాపుల్లాంటి చోట పని నేర్చుకునే వీలుంటుంది, అప్రెంటిస్ నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి. ఇవేవీ కుదరకపోతే మీ ఊళ్లోనే లారీలు బాగుచేసే షెడ్డుకు వెళ్లండి. మొదటి రోజే ప్రశ్నలతో విసిగించకండి. పానాలు అందించండి, బకెట్ పట్టుకోండి, ఫొటోలకు ముందే అనుమతి అడగండి. నాలుగో రోజుకు వాళ్లే పిలిచి చూపిస్తారు.

పాత చొక్కా వేసుకెళ్లండి. గేర్ ఆయిల్ వాసన మూడు ఉతుకులకు కూడా పోదు, మా అమ్మ నా జీన్స్‌ను ఇంట్లోకి రానివ్వలేదు.